కావలి కాంట్రాక్టు: స్టువర్టుపురం నుంచి సర్వర్ రూము దాకా

ఈ వరుసలో ఇది ఏడో భాగం. కాస్త పొడవైంది. బస్సులోనో హాస్టల్ గదిలోనో ఫోన్‌లో చదువుతుంటారు కదా, ఆ ఫోన్ గురించే ఈ చరిత్ర.

2018లో కేంద్ర సమాచార, ప్రసార శాఖ కింద ఉండే బెసిల్ అనే ప్రభుత్వ సంస్థ ఒక టెండరు పిలిచింది. పని పేరు 'సోషల్ మీడియా కమ్యూనికేషన్ హబ్'. ఫేస్‌బుక్, ట్విట్టర్, యూట్యూబ్, బ్లాగులు, చివరికి ఈమెయిళ్ల దాకా జల్లెడ పట్టే సాఫ్ట్‌వేర్ కావాలి. ఎవరు ఏం రాస్తున్నారు, మెచ్చుకుంటున్నారా తిడుతున్నారా, ఎవరి మాటను ఎంతమంది వింటున్నారు అన్నది అది లెక్కగట్టాలి. దాన్ని తయారుచేసి నడపడానికి ప్రైవేటు ఏజెన్సీ కావాలి. దేశంలోని 716 జిల్లాల్లో జిల్లాకొక కాంట్రాక్టు మనిషిని పెట్టి స్థానిక సమాచారం తెప్పించుకోవాలని కూడా అందులో ఉంది. అంటే మన ప్రకాశం జిల్లాకూ ఒకరు.

మహువా మొయిత్రా దీన్ని సుప్రీంకోర్టులో సవాలు చేశారు. 2018 జులై 13న కోర్టు, ఇది నిఘా రాజ్యాన్ని తయారుచేయడం లాంటిదే కదా అని అడిగింది. ఆగస్టు 3న ప్రభుత్వం ప్రతిపాదన వెనక్కి తీసుకుంది.

చాలామంది అక్కడితో కథ ముగిసిందనుకున్నారు. అసలు ప్రశ్న మిగిలే ఉంది. ప్రభుత్వానికి పోలీసులున్నారు. ఇంటెలిజెన్స్ ఉంది. ఎన్‌ఐసీ లాంటి సొంత కంప్యూటర్ విభాగం ఉంది. ఐటీ చట్టం 69వ సెక్షన్ ఇచ్చిన అధికారం ఉంది. ఇన్ని ఉన్నా, జనం రాతల మీద కన్నేసే పనిని టెండరు వేసి బయటివాళ్లకు ఎందుకు ఇవ్వాలి?

నైపుణ్యం కోసం అంటారు. అందులో కొంత నిజం ఉంది. కానీ కంప్యూటర్ పుట్టకముందే, మన పక్కనే, ప్రభుత్వం ఈ కావలి పనిని కాంట్రాక్టుకు ఇచ్చింది. అక్కడికి ఒకసారి వెళ్లొస్తే ఇవాళ్టి సర్వర్ల సంగతి తేలిగ్గా అర్థమవుతుంది.

1. పుట్టుకతో పట్టీలోకి

దర్శి నుంచి ఒంగోలు, చీరాల మీదుగా బాపట్ల వెళ్తుంటే స్టువర్టుపురం వస్తుంది. సినిమాలు దానికి దొంగల ఊరని పేరు పెట్టాయి. ఆ ఊరు ఎలా పుట్టిందో మాత్రం ఏ సినిమా సరిగ్గా చెప్పలేదు.

1871లో ఆంగ్లేయులు ఉత్తర భారతంలో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఒక్క మనిషి మీద నేరం రుజువు చేయనక్కర్లేదు. జాతి మొత్తాన్ని నోటిఫై చేస్తే చాలు. పేర్లు రిజిస్టరులోకి ఎక్కుతాయి. వేలిముద్రలు తీసుకుంటారు. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. హాజరు వేయించుకోవాలి. పుట్టుకతోనే అంటరానివాడు అన్న మనువు లెక్కకు, పుట్టుకతోనే నేరస్థుడు అని తెల్లదొర వేసిన స్టాంపు ఇది.

మన వైపు ఈ చట్టం ఎక్కువగా పడింది ఎరుకల వాళ్ల మీద. ఉప్పు, ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊరూరా తిరిగి అమ్ముకున్నవాళ్లు. రైళ్లు వచ్చి ఆ వ్యాపారం పోయింది. తిరిగేవాడి మీద అనుమానం మాత్రం మిగిలింది. వాళ్లను ఒకచోట కట్టిపడేయడానికి సెటిల్మెంట్లు పెట్టారు. 1913-14 ప్రాంతంలో మొదలైన స్టువర్టుపురం అందులో ఒకటి. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద పదవిలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ దొర పేరే ఆ ఊరి పేరు.

ఆ సెటిల్మెంటును నడిపింది పోలీసులు కాదు, సాల్వేషన్ ఆర్మీ. నెల్లూరు జిల్లా కావలిలో అలాంటి సెటిల్మెంటునే అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపింది. సర్కారు భూమి, గ్రాంటు, చట్టం బలం ఇచ్చింది. హాజరు పట్టీ, అనుమతి చీటీ, పని పురమాయింపు మిషన్ మేనేజరు చేతిలో పెట్టింది.

ఇక్కడ మనం నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. ఒంగోలు చుట్టుపక్కల మాదిగ పల్లెలకు మొదటి బడి పెట్టింది ఆ బాప్టిస్టు మిషనే. 1876-78 కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని మనవాళ్లకు కూలి ఇప్పించాడు. అదీ కాంట్రాక్టే. దానివల్ల ప్రాణాలు నిలిచాయి. కాబట్టి కాంట్రాక్టు అన్న మాట వినగానే చెడ్డదని తేల్చేయలేం. కాలువ తవ్వే కాంట్రాక్టు వేరు, మనిషిని కాపలా కాసే కాంట్రాక్టు వేరు. మొదటిదానిలో పని అయిపోతే కాంట్రాక్టు అయిపోతుంది. రెండోదానిలో పని ఎప్పటికీ అయిపోకూడదు. అయిపోతే గ్రాంటు ఆగిపోతుంది.

స్టువర్టుపురం మనుషులను చీరాలలోని ఐఎల్‌టీడీ పొగాకు ఫ్యాక్టరీకి పనికి పంపారు. ఫ్యాక్టరీకి కూలీలు కావాలి. కూలీలకేమో పని మానుకుని పోయే స్వేచ్ఛ లేదు. చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ ఈ ముగ్గురి బంధాన్ని వివరంగా రాశారు. ప్రభుత్వానికి శాంతిభద్రతలు, మిషన్‌కు ఆత్మలు, కంపెనీకి చేతులు. ముగ్గురికీ లాభమే. రిజిస్టరులో పేరున్నవాడిని ఎవరూ అడగలేదు.

2. కాంట్రాక్టు మధ్యలోకొస్తే ఏమవుతుంది

స్టువర్టుపురం నుంచి మూడు సంగతులు నేర్చుకోవాలి.

ఒకటి, బాధ్యత పలచబడుతుంది. హాజరు తప్పినందుకు శిక్ష పడితే సర్కారును అడగాలా, మేనేజరును అడగాలా? సర్కారు మేనేజరును చూపిస్తుంది. మేనేజరు చట్టాన్ని చూపిస్తాడు.

రెండు, పట్టీ పెరుగుతుంది. కాపలా కాయడమే బతుకుతెరువైన సంస్థ, ఇక కాపలా అక్కర్లేదని ఎందుకు చెబుతుంది?

మూడు, ఒక పనికి తీసుకున్న సమాచారం ఇంకో పనికి పోతుంది. నేరం ఆపడానికని రాసిన రిజిస్టరు, పొగాకు ఫ్యాక్టరీకి కూలీల జాబితా అయింది.

ఈ మూడూ గుర్తుపెట్టుకోండి. కింద ప్రతిచోటా ఇవే కనబడతాయి.

ఆ చట్టం 1952 ఆగస్టు 31న దేశమంతా రద్దయింది. దాని స్థానంలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. పేరు మారింది, స్టేషన్‌లో రిజిస్టరు మిగిలింది. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైళ్లలో కులాన్ని బట్టి పనులు అప్పగించే నియమాలను కొట్టేస్తూ, విముక్త జాతులను ఇంకా అలవాటు నేరస్థులుగా చూడడాన్ని తప్పుపట్టింది. రద్దయిన 72 ఏళ్ల తర్వాత కూడా కోర్టు ఆ మాట చెప్పాల్సి వచ్చింది.

3. వేలిముద్ర కంప్యూటర్లోకి

2010లో ఆధార్ మొదలైంది. వేలిముద్రలు, కంటిపాపలు పోల్చే యంత్రాంగం కాంట్రాక్టు మూడు బృందాలకు దక్కింది: యాక్సెంచర్, ఎల్-1 ఐడెంటిటీ సొల్యూషన్స్, మహీంద్రా సత్యం-మోర్ఫో. ఊళ్లలో నమోదు చేసింది ప్రైవేటు ఏజెన్సీలు, మనిషికి ఇంత అని లెక్క. రెండో సూత్రం గుర్తుందా? ఎంతమంది ఎక్కితే అంత ఆదాయం.

మన వైపు మిరప కోతలు లేని రోజుల్లో ఆడవాళ్లు ఉపాధి హామీ పనికి పోతారు. 2005 నాటి ఆ చట్టం ఒక మంచి మాట స్పష్టంగా చెప్పింది. పనుల్లో కాంట్రాక్టర్ ఉండకూడదు. మట్టి పనిలో కాంట్రాక్టర్ దూరితే కూలి మింగేస్తాడని అనుభవం నేర్పిన నియమం అది. కానీ ఆ కూలీ వివరాలు ఎక్కే కంప్యూటర్లో కాంట్రాక్టర్ ఉండకూడదని ఏ చట్టమూ చెప్పలేదు. గట్టు మీద నిషేధించినవాడిని సర్వర్ దగ్గర కూర్చోబెట్టాం.

2017 మేలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల నుంచి దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటికి కనబడుతున్నాయని లెక్కగట్టింది. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వి. ఒకటి ఉపాధి హామీ చెల్లింపులది, రెండోది చంద్రన్న బీమాది. అంటే మట్టి పని చేసేవాళ్లవి, అసంఘటిత కార్మికులవి. 2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధార్ వివరాలు బయటపడ్డాయి. కులం, మతం వారీగా వెతికే వీలు కూడా ఉందని పరిశోధకులు చూపించారు.

"పల్లె ఊరికి దూరంగానే ఉంది కదా, మన కులం అందరికీ తెలిసిందే, ఇందులో దాచేదేముంది?" అని మనవాళ్లే అడుగుతారు. ఊళ్లో తెలిసిందే. అందుకే కదా చదువుకున్న పిల్లలు గుంటూరు, హైదరాబాదు పోతున్నది. అక్కడ గది అద్దెకు దొరకాలంటే ఇంటిపేరు చెప్పడానికే జంకుతున్నారు. నగరం ఇచ్చిన ఆ కాస్త చాటు కూడా ఒక్క క్లిక్కుతో పోతుంది. కారంచేడులో 1985 జులై 17న దాడి చేసినవాళ్లకు మాదిగపల్లె ఎక్కడుందో తెలుసు. చుండూరులో 1991 ఆగస్టు 6న తరిమినవాళ్లకు ఎవరు ఏ పొలంలోకి పరిగెత్తారో తెలుసు. కులం చిరునామా దొరకడమంటే ఏమిటో మనకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరు?

4. రెండు రాష్ట్రాలు, రెండు పార్టీలు, ఒకటే పద్ధతి

2019 ఎన్నికల ముందు హైదరాబాదులో ఐటీ గ్రిడ్స్ అనే ప్రైవేటు కంపెనీ మీద సైబరాబాద్ పోలీసులు సోదాలు చేశారు. తెలుగుదేశం పార్టీ సేవామిత్ర యాప్ తయారుచేసింది ఆ కంపెనీయే. ఏప్రిల్‌లో ఆధార్ సంస్థ ఫిర్యాదు మీద కేసు నమోదైంది. పట్టుబడిన హార్డ్ డిస్కుల్లో 7,82,21,397 మంది ఆధార్ వివరాలున్నాయని అందులో ఉంది. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి రాష్ట్ర జనాభాయే సుమారు 8.46 కోట్లు. పార్టీ ఆరోపణలను ఖండించింది, ఇది రాజకీయ కక్ష అంది. ఆధార్ సంస్థ తన కేంద్ర సర్వర్లు చెక్కుచెదరలేదంది. ఒక రాష్ట్రం సిట్ వేస్తే రెండో రాష్ట్రం పోటీగా సిట్లు వేసింది. దోషులెవరో తేల్చడం కోర్టు పని. మనం చూడాల్సింది ఇది: పథకం కోసం ఇచ్చిన వేలిముద్రకు, ఓటు కోసం తయారైన యాప్‌కు మధ్య ఎంత దూరం ఉండాలో ఎవరూ గోడ కట్టలేదు. మూడో సూత్రం ఇదే.

ప్రభుత్వం మారింది. 2019 ఆగస్టు 15న వాలంటీర్లు వచ్చారు. 50 ఇళ్లకు ఒకరు చొప్పున రెండున్నర లక్షలకు పైగా మంది. ఇంటింటి వివరాలు వాళ్ల చేతి ఫోన్‌లోకి ఎక్కాయి. వాళ్లలో మన పిల్లలే ఎందరో. నెలకు 5,000 గౌరవ వేతనం మీద గడప గడపకూ తిరిగారు. వాళ్లను తప్పుపట్టను. కానీ ఉద్యోగి కాని మనిషి, ఉద్యోగి బాధ్యత లేని మనిషి, ఇంటి రహస్యాలు మోసే పద్ధతి అది. 2024 ఎన్నికల ముందు వాళ్లు పింఛన్లు పంచకూడదని ఎన్నికల సంఘం చెప్పాల్సి వచ్చింది. రంగు ఏదైనా జెండా కింద పద్ధతి ఒకటే.

తెలంగాణ సంగతి ఇంకా స్పష్టంగా ఉంది. అక్కడి ప్రభుత్వం సమగ్ర వేదిక అనే వ్యవస్థ వాడుతోంది. తయారుచేసింది హైదరాబాదు ప్రైవేటు కంపెనీ పోసిడెక్స్ టెక్నాలజీస్. వేర్వేరు శాఖల దగ్గరున్న బండి రిజిస్ట్రేషన్, ఆస్తి, కరెంటు బిల్లు లాంటి వివరాలన్నిటినీ పేరు, చిరునామా కలిపి చూసి, ఈ మనిషికి రేషన్ కార్డుకు అర్హత ఉందా లేదా అని చెబుతుంది. 2014-2019 మధ్య ఆ రాష్ట్రంలో 18 లక్షలకు పైగా కార్డులు నోటీసు లేకుండా రద్దయ్యాయి. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన కేసులో, రద్దయిన కార్డులను ఇంటికెళ్లి మళ్లీ తనిఖీ చేయమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2022 జులై నాటికి చూసిన 2,05,734 దరఖాస్తుల్లో 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. రిక్షా తొక్కే మనిషికి కారు ఉందని కంప్యూటర్ రాసింది. అలాంటి పేరే ఉన్న ఇంకొకరి కారు అది. 2024 జనవరిలో అల్ జజీరా ఈ కథనం ప్రచురించింది.

ఆ విలేకరులు సమాచార హక్కు చట్టం కింద, ఈ లెక్క ఎలా వేస్తున్నారో ఆ సూత్రం, సోర్స్ కోడ్ ఇవ్వమని అడిగారు. ఐటీ శాఖ ఇవ్వలేదు. దాని మీద హక్కులు కంపెనీవి అంది.

మళ్లీ చదవండి. తిండి గింజలు ఆపింది ప్రభుత్వం. ఎందుకు ఆపిందో చెప్పే కాగితం మాత్రం కంపెనీ ఆస్తి. స్టువర్టుపురం మొదటి సూత్రం ఇంతకంటే తేటగా ఎక్కడ కనబడుతుంది?

5. మాట్లాడేవాడి ఫోన్‌లోకి

కింద ఉన్నవాడిని పట్టీతో కాపలా కాస్తారు. ప్రశ్నించేవాడిని ఫోన్‌లోకి దూరి కాపలా కాస్తారు. ఇక్కడా మధ్యలో కంపెనీయే.

2013లో అమెరికా ఎన్‌ఎస్‌ఏ ప్రపంచ జనం ఇంటర్నెట్ సమాచారం ఎలా లాగుతోందో బయటపెట్టిన ఎడ్వర్డ్ స్నోడెన్, అప్పటికి బూజ్ అలెన్ హామిల్టన్ అనే ప్రైవేటు కాంట్రాక్టు కంపెనీ ఉద్యోగి. అంత పెద్ద రాజ్యం కూడా తన చెవులను అద్దెకు తెచ్చుకుంది.

2019 అక్టోబరులో వాట్సాప్, ఇజ్రాయెల్ కంపెనీ ఎన్‌ఎస్‌ఓ అమ్మే పెగాసస్‌తో కొందరి ఫోన్లపై దాడి జరిగిందని వాళ్లకు కబురు పెట్టింది. మన దేశంలో ఆ కబురు అందినవాళ్లలో ఆనంద్ తేల్తుంబ్డే ఒకరు. తన సరుకు ప్రభుత్వాలకే అమ్ముతానని ఎన్‌ఎస్‌ఓ చెప్పుకుంటుంది. కొన్నామనీ, కొనలేదనీ మన కేంద్రం కోర్టుకు చెప్పలేదు. సుప్రీంకోర్టు కమిటీ 29 ఫోన్లు పరీక్షించింది, ఐదింటిలో ఏదో మాల్‌వేర్ ఉందంది, అది పెగాససే అని తేల్చలేకపోయింది. ప్రభుత్వం సహకరించలేదని కమిటీ చెప్పినట్టు 2022 ఆగస్టులో కోర్టు వెల్లడించింది.

భీమా కోరేగావ్ కేసులో 2020 ఏప్రిల్ 14న, సరిగ్గా అంబేడ్కర్ జయంతి రోజున, తేల్తుంబ్డే లొంగిపోవాల్సి వచ్చింది. బెయిలు మీద బయటికొచ్చింది 2022 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవాన. అదే కేసులో రోనా విల్సన్ ల్యాప్‌టాప్‌ను పరీక్షించిన అమెరికా సంస్థ ఆర్సెనల్ కన్సల్టింగ్, బజారులో దొరికే నెట్‌వైర్ అనే మాల్‌వేర్‌తో ఎవరో దూరి, ఆయనపై సాక్ష్యంగా చూపిన ఉత్తరాలను అందులో పెట్టారని 2021లో తేల్చింది. ఎన్‌ఐఏ దాన్ని ఒప్పుకోలేదు. కానీ విద్యార్థులు ఒక్కటి ఆలోచించాలి. ఫోన్‌లోకి దూరగలిగినవాడు చదవడంతో ఆగనక్కర్లేదు, రాయగలడు కూడా.

6. ఇప్పుడు మన పని

ఈ గొడవ పైవాళ్లది, ప్రైవసీ అంటే ఇంగ్లీషు చదువులవాళ్ల ముచ్చట అనేవాళ్లకు ఒక జవాబు. ఆధార్‌ను పాన్‌కు తప్పనిసరి చేయడం మీద సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లలో బెజవాడ విల్సన్ ఉన్నాడు. కోలార్ బంగారు గనుల్లో పాకీ పని చేసిన తెలుగు కుటుంబం బిడ్డ. బడి పిల్లల కోసం జీవితం పెట్టిన శాంతా సిన్హా కూడా ఆధార్ మీద పిటిషన్ వేశారు. 2017 ఆగస్టు 24న గోప్యత ప్రాథమిక హక్కు అని తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. 2018 సెప్టెంబరు 26న, కాంట్రాక్టు ఉంటే చాలు ప్రైవేటు కంపెనీలు ఆధార్ వాడుకోవచ్చనే 57వ సెక్షన్ వీలును కోర్టు కొట్టేసింది. తర్వాత 2025 జనవరిలో కొత్త నియమాలతో ప్రైవేటుకు మళ్లీ తలుపు తెరిచారు. గెలిచిన హక్కును కూడా కాపాడుకుంటూ ఉండాల్సిందే.

సమాచారం సేకరించడమే తప్పని నేను అనడం లేదు. 2006 నుంచి మన రాష్ట్రంలో ఉపాధి హామీ సామాజిక తనిఖీలు జరిగాయి. మస్టరు తీసుకుని ఊళ్లో ఇంటింటికీ తిరిగి, ఈ పని నువ్వు చేశావా, ఈ డబ్బు నీకు ముట్టిందా అని అడిగారు. తర్వాత జనం ముందు చదివారు. దొంగ సంతకాలు అక్కడే బయటపడ్డాయి. అదీ డేటాయే. అక్కడ కూలీ చేతిలో కాగితం ఉంది, అధికారి జవాబు చెప్పే చోట నిలబడ్డాడు. సర్వర్ రూములో ఆ వరుస తలకిందులైంది.

కాబట్టి దర్శి మండల ఆఫీసు నుంచి సచివాలయం దాకా, మీ వివరాలు ఎక్కించుకునే ప్రతి యాప్ మీద, ప్రతి పోర్టల్ మీద ఈ ఐదు ప్రశ్నలు సమాచార హక్కు దరఖాస్తులో రాయండి:

ఈ వ్యవస్థ తయారుచేసిందెవరు, నడుపుతున్నదెవరు? ఒప్పందం ప్రతి ఇవ్వండి.
మా వివరాలు ఏ సర్వర్‌లో ఉన్నాయి, ఎవరెవరు తెరిచి చూడగలరు?
కులం గడి ఎందుకు? ఆ పథకానికి అది అవసరమా?
ఒప్పందం ముగిశాక కంపెనీ దగ్గరున్న ప్రతులు ఏమవుతాయి?
కంప్యూటర్ తప్పు చేస్తే వినే అధికారి ఎవరు? ఎన్ని రోజుల్లో?

"వ్యాపార రహస్యం" అని తిప్పి పంపితే ఆగకండి. అదే చట్టంలో 8(1)(డి) కింద, విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాల్సిందేనని ఉంది. ప్రైవేటు సంస్థ దగ్గరున్నా, చట్టప్రకారం ప్రభుత్వం తెప్పించుకోగల సమాచారం 2(ఎఫ్) కిందికి వస్తుంది. నిఘా సంస్థలకు 24వ సెక్షన్ మినహాయింపు ఉన్నా, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు అది వర్తించదు. మొదటి అప్పీలు, రెండో అప్పీలు వేయండి. తిరస్కరించిన కాగితాన్ని కూడా దాచండి, రేపు కోర్టులో అదే పనికొస్తుంది.

స్టువర్టుపురం ఎరుకల వాళ్లకు తమ రిజిస్టరు తెరిచి చూసే హక్కు లేదు. మనకు ఉంది, ఇంకా ఉంది. 2023 నాటి డేటా రక్షణ చట్టం సమాచార హక్కులోని 8(1)(జె)ని మార్చి ఆ తలుపును సగం మూసింది. ప్రభుత్వ సంస్థలకు మాత్రం మినహాయింపు ఇచ్చుకునే వీలు పెట్టుకుంది. ఆ చట్టం గురించి వచ్చే భాగంలో వివరంగా మాట్లాడుకుందాం. అప్పటిదాకా కనీసం ఒక్క దరఖాస్తు వేసి, వచ్చిన జవాబు కింద పెట్టండి. పెట్టేముందు మీ ఆధార్ నంబరు, ఫోన్ నంబరు కొట్టేయండి.

జై భీమ్.